వీధరుగు స్టేజీ

కండక్టరు మావ పోయాడన్న కబురు నాకు మా అత్త చెప్పింది. ఫోనులో కాదు, ఎవరి చేతో చెప్పించీ కాదు. మా వీధి చివరన ఉన్న బడి దాకా తనే నడిచి వచ్చి, గేటుకు చేతికర్ర ఆనించి, నిలబడి చెప్పింది. నేనప్పుడు రెండో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. మా అత్త బడికి వచ్చే మనిషి కాదు. ఇంట్లో ఎవరికేమైందోనని చేతిలో చాక్‌పీసు అక్కడే పడేసి పరుగెత్తాను. ఆవిడ కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"మా అన్న ఎల్లిపోనాడే," అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ తనే, "ఇక్కడిదాకా నానొక్కదాన్నే వచ్చీసినాను. ఎవులూ పట్టుకోలేదు," అంది.

చావు కబురు చెప్పడానికి వచ్చి ఆ రెండో మాట ఎందుకన్నదో మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. మీకు తెలియాలంటే మాత్రం ఆయన సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

ఆయనది మా ఎదురిల్లు. వరసకు మా అత్తకు అన్న అవుతాడు కాబట్టి నాకు మావ. ఊరంతటికీ కండక్టరే. విజయనగరం నుంచి చీపురుపల్లి వైపు వచ్చే పల్లె బస్సుల్లో వయసంతా నిలబడి పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది గాని ఆ గొంతు వదల్లేదు. పెళ్లి భోజనాల దగ్గర బంతి ఇరుకైతే "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి" అని కేకలు వేసేవాడు. ఆకుల ముందు కూర్చున్నవాళ్లు ఎక్కడికి జరుగుతారు? అయినా జరిగేవాళ్లు. నాకూ ఆయనకూ రోజూ ఏదో ఒక పేచీ ఉండేది. మా వాకిట్లో నీళ్లు నిలిచినా, మా అత్త కూరలో నేను ఉప్పు ఎక్కువేసినా, ఎదురరుగు మీద నుంచి కేక వినబడేది. ఉప్పు సంగతి ఆయనకెలా తెలిసేదంటారా, మా అత్తే మోసేది. పోయినవాళ్లను అందరూ పొగుడుతారు, నేనూ పొగడబోతున్నాను. కాని ఆయన ఎదురింట్లో కాపురం చేయడం అంత సుఖమేం కాదని ముందే చెప్పి ఉంచుతున్నాను.

పొద్దున్న మొదటి బస్సు వేళకు ఆయన స్టాపులో ఉండేవాడు. ఎక్కడికో వెళ్లడానికి కాదు. బనీను మీద తువ్వాలు వేసుకుని, వేపపుల్ల నములుతూ, బస్సెక్కే ముసలివాళ్లను చూడడానికి. మా దారిలో తిరిగే బస్సుల మెట్టు ఎంత ఎత్తో మీరు చూసే ఉంటారు. వయసులో ఉన్నవాళ్లే దాన్ని చూసి ఒకసారి ఊపిరి తీసుకుంటారు. ఎవరు ఒక్క ఊపున ఎక్కారు, ఎవరు కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కున్నారు, ఎవరు చేత్తో మోకాలు ఎత్తి మెట్టు మీద పెట్టుకున్నారు, అన్నీ కనిపెట్టేవాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడే ఈ అలవాటు పడిందట. రోజూ నిలబడి ప్రయాణం చేసే ముసలమ్మ కొన్నాళ్లకు సీటు కావాలంటుంది, తర్వాత ఎక్కించమని చెయ్యి చాపుతుంది, ఆ తర్వాత బస్సు దగ్గరకే రాదు. ఏదమ్మా ఆవిడ అని అడిగితే ఆ ఊరివాళ్లు "మంచం పట్టీసినాది" అంటారు. అలా ఎంతమంది మొహాలు తన బస్సులోంచి మాయమయ్యాయో చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గేది.

మొన్నటి దాకా ఒక్క ఊపున ఎక్కిన మనిషి ఇవాళ మోకాలు పట్టుకున్నాడంటే, సాయంత్రానికి వాళ్లింటి ముందు మావ ప్రత్యక్షం. "ఏటి బావా, మెట్టు బరువైపోనాదేటి?" అని నవ్వుతూ మొదలుపెట్టేవాడు. బీపీ మాత్ర వేసుకుంటున్నాడా, మానేశాడా, ఏం తింటున్నాడు, ఎక్కడ స్నానం చేస్తున్నాడు, కళ్లు సరిగ్గా ఆనుతున్నాయా, అన్నీ కూపీ లాగేవాడు. ఆయన వైద్యుడు కాదు, అలా చెప్పుకోనూ లేదు. ఆస్పత్రికి పంపడం, అక్కడ డాక్టరమ్మ చెప్పింది ఇంట్లో జరిగేదాకా ఆ ఇంటివాళ్లను పీక్కు తినడం, ఇంతే ఆయన పని. ముసలివాళ్లు స్నానం చేసే చోట నాచు కనబడితే మాట్లాడకుండా గొంతుక్కూర్చుని కొబ్బరి పీచుతో తోమడం మొదలుపెట్టేవాడు. ఆ ఇంటి కోడలు సిగ్గుపడి పరుగున వచ్చి పీచు లాక్కునేది. ఆయనకు కావలసిందీ అదే. పళ్లు లేవని చారన్నంతో సరిపెట్టుకునే ముసలమ్మలకు చోడి అంబలి, అదే రాగి అంబలి, కాయమనీ, గుడ్డు ఉడికించి మెత్తగా నలిపి పెట్టమనీ పోరేవాడు. "కన్ను సూడకపోతే కాలేటి సేస్తాది?" అని చాలామందిని కళ్ల ఆపరేషన్లకు బస్సెక్కించాడు.

బస్సు మెట్టు ఎత్తు తగ్గించడం మాత్రం ఆయన వల్ల కాలేదు. అందుకని నేల ఎత్తు పెంచాలనుకున్నాడు. ఒక పెద్ద చదును రాయి తెప్పించి స్టాపులో పాతించాడు. సరిగ్గా దాని పక్కనే ఆపమని డ్రైవర్లకు చెప్పాడు. వాళ్లంతా ఆయన ఎరిగినవాళ్లే. ముసలివాళ్లు ఆ రాయి మీద కాలు పెట్టి హాయిగా బస్సెక్కుతున్నారు. ఇంతలో ఊళ్లో అమ్మవారి పండగ వచ్చింది. ఘటాలు ఎత్తుకుని ఊరేగింపుగా వచ్చిన ఆడవాళ్లలో ఎవరో ఆ రాయికి పసుపు రాసి బొట్టు పెట్టేశారు. దారి పక్కన ఒంటరిగా రాయి కనబడితే మా వాళ్ల చెయ్యి ఊరుకోదు. మర్నాటి నుంచి ఒక్కరంటే ఒక్కరు దాని మీద కాలు పెట్టలేదు. ముసలివాళ్లు రాయికి దండం పెట్టుకుని, పక్క నుంచి వెళ్లి, ఎప్పటిలాగే మోకాలు ఎత్తుకుని మూలుగుతూ బస్సెక్కారు. కొన్నాళ్లకు కొబ్బరికాయ కూడా కొట్టారు.

మావ బిందెడు నీళ్లు తెచ్చి అందరూ చూస్తుండగా రాయిని కడిగాడు. చెప్పులు విప్పి దాని మీద నిలబడ్డాడు. తల్లివైతే నా ఒక్కడి బరువు మొయ్యి, రాయివైతే ఊరందరి బరువూ మొయ్యి అని దానితోనే మాట్లాడాడు. మర్నాడు ఆయనకు జలుబు చేసింది. ఇక చూడండి, అమ్మవారు పట్టిందని ఊరు ఊరంతా గుసగుసలు. ఆయన తుమ్ముకుంటూ మళ్లీ వెళ్లి నిలబడ్డాడు. చివరకు రాజీ కుదిర్చింది మా అత్త. బొట్టు పెట్టిన రాయిని పెకలించి అవతల వేపచెట్టు కింద పెట్టి పూజలు చేసుకోండి, బస్సు దగ్గర సిమెంటు మెట్టు కట్టుకోండి అంది. అలా మా ఊరికి ఒక మెట్టూ ఒక కొత్త అమ్మవారూ దక్కారు. ఇప్పటికీ మా ముసలివాళ్లు ముందు ఆవిడకు దండం పెట్టి, ఆ తర్వాత మెట్టెక్కుతారు.

ఇదంతా నవ్వులాటగా చెబుతున్నాను గాని, ఆయన నిజంగా పోట్లాడింది రాళ్లతో కాదు, మా మంచితనంతో. మా వైపు ఇళ్లలో పెద్దవాళ్లకు చిన్న నలత చేసినా మంచం వాల్చి పడుకోబెడతాం. చేతిలో చెంబు లాగేసుకుంటాం. గోంగూర తుంచుతూ కూర్చుంటే ఆ కట్ట కూడా లాక్కుంటాం. అత్త చేత పని చేయిస్తోందని వీధి అంటుందేమోనని కోడలి భయం. అమ్మను కష్టపెడుతున్నాడంటారేమోనని కొడుకు భయం. "నువ్వు కూకో, మేం లేమా" అనడం మాకు గౌరవం. వాళ్లు కూర్చుంటారు. కూర్చుని కూర్చుని పడుకుంటారు. ఆ తర్వాత లేవమన్నా లేవలేరు. ఆ లాక్కున్న చెంబునీ గోంగూర కట్టనీ మళ్లీ వాళ్ల చేతుల్లో పెట్టించడానికి ఆయన ఎన్ని ఇళ్లలో మాటలు పడ్డాడో నాకు తెలుసు.

ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని తనే చెప్పాడు. ఉద్యోగం వచ్చిన కొత్తలో వాళ్లమ్మ ఒకసారి కళ్లు తిరిగి పడిపోయిందట. కొడుకు చేతికందొచ్చాడు, ఇక ఆవిడ కష్టపడడమేమిటని కొత్త నవారు మంచం వేయించాడు. కాలు కింద పెట్టనివ్వలేదు. అన్నం మంచం మీదికే, నీళ్లు మంచం దగ్గరికే. కొడుకంటే వీడు అని ఊరంతా మెచ్చుకుంది. చూస్తుండగానే ఆవిడ కాళ్లు పుల్లలైపోయాయి, వీపున పుండ్లు పడ్డాయి. చివరి రోజుల్లో ఆవిడ అడిగింది ఒక్కటే, ఓపాలి పెరట్లోకి నడిపించరా అని. అప్పటికి నడిచే కాళ్లు లేవు. రెండు చేతుల మీదా ఎత్తుకుని తీసుకెళ్లాడట.

"ఎత్తుకెల్లడం ఏరు, నడిపించడం ఏరు కోడలా," అన్నాడు. "మంచం మనిసిని మొయ్యదు, మింగుతాది." మంచం మాట ఆయన ఊళ్లో అందరితోనూ అనేదే. ఆ రోజు మాత్రం నా మొహం చూడకుండా వీధిలోకి చూస్తూ అన్నాడు.

ఇక మా అత్త సంగతి. వాన వెలిసిన ఒక పూట పెరట్లో బోరు దగ్గర కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. విజయనగరంలో ఆపరేషన్ చేశారు. అక్కడి డాక్టరుగారూ, వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయీ ఒకటే మాట చెప్పారు. కాలి మీద బరువు మోపవచ్చు, వాకరుతో రోజూ కాస్త కాస్త నడిపించండి, పడుకోబెట్టేశారో ఇక లేవరు అని. మేం బుద్ధిగా తలలూపాం. ఇంటికొచ్చి వాకరును మంచం పక్కన పెట్టాం. మర్నాటికి దాని మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి.

మా ఆయన కొత్తవలసలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, వారానికోసారి వస్తాడు. తల్లంటే ప్రాణం. రబ్బరు గుడ్డ, బెడ్‌పాను, మెత్తటి దిండ్లు కొనుక్కొచ్చాడు. అమ్మను లేపి మళ్లీ పడేయకు అని నా చేత ఒట్టు వేయించుకుని వెళ్లాడు. నేను ఒట్టు గట్టున పెట్టి నడిపిద్దామని చెయ్యి పట్టుకుంటే, మా అత్త "నన్ను సంపేస్తన్నాదర్రా" అని వీధికి వినబడేలా ఏడ్చేది. ఆవిడది నొప్పి కాదు, భయం. కాలు కింద పెడితే మళ్లీ విరిగిపోతుందని ఆవిడ గట్టి నమ్మకం.

దానికి తోడు పరామర్శలు. రొట్టె ప్యాకెట్లూ అరటిపళ్లూ బత్తాయిలూ పట్టుకుని వచ్చి, మంచం చుట్టూ కూర్చుని, తుంటి విరిగి పోయినవాళ్ల కథలన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవారు. వెళ్తూ వెళ్తూ "లెగకు తల్లీ, కదలకు" అని జాగ్రత్తలు చెప్పేవారు. ఒక్కొక్కరు వచ్చి వెళ్లిన కొద్దీ ఆవిడ ఇంకాస్త మంచానికి అతుక్కుపోయేది. తలకు నూనె రాయనిచ్చేది కాదు. ముద్ద నోట్లో పెడితే గాని తినేది కాదు. ఒక పూట గోడవైపు తిరిగి, ఇక నా బతుకు ఈ మంచం మీదే అంది. సంతలో వంకాయలవాడిని బేరమాడి ఏడిపించే మనిషి, ఊరి గొడవను ఒక్క మాటతో తేల్చేసిన మనిషి, ఇలా అయిపోతుందా అని వంటింట్లోకి వెళ్లి నేను ఏడ్చాను.

మావ రోజూ వచ్చి మా వీధరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ ఉండేవాడు. ఆశ్చర్యం, కేకలు వేయలేదు. కుట్లు విప్పించడానికి విజయనగరం వెళ్లేటప్పుడు మాత్రం పిలవకుండానే మాతో ఆటో ఎక్కేశాడు. అక్కడ ఫిజియో అమ్మాయిని పట్టుకుని, ఎంత దూరం నడిపించాలి, ముందు ఏ కాలు వేయాలి, ఎక్కడ పట్టుకోవాలి, నొప్పి ఎంత వరకు ఓర్చుకోవచ్చు అని ఆ పిల్లకు విసుగొచ్చేదాకా అడిగాడు. నడుం ఎలా పట్టుకోవాలో ఆమె చేత నాకు చూపించాడు. తిరిగి వచ్చాక సరుగుడు గడలు తెచ్చి, చిత్రిక పట్టించి, మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి వీధరుగు దాకా, నడుమెత్తున గోడకు బిగించాడు. అచ్చం బస్సులో కమ్మీలాగే. మా గడప బాగా ఎత్తు. పసుపు రాసిన గడపను కోయించమని అనడానికి ఈసారి ఆయనకు ధైర్యం చాల్లేదు, రాయి సంగతి మరిచిపోలేదు. గడపకు ఇటూ అటూ ఏటవాలుగా చెక్కలు పరిపించాడు.

అవన్నీ అయ్యాక ఊరికి ఒక రూలు చెప్పాడు. తన చెల్లెలిని చూడడానికి ఎవరొచ్చినా వీధరుగు మీదే కూర్చోవాలి. మంచం దగ్గరకు ఎవరూ వెళ్లకూడదు. మంచం మీదున్న మనిషే అరుగు దాకా వస్తుంది. "మంచం కాడ నుంచి గుమ్మం ఒక స్టేజీ, గుమ్మం కాడ నుంచి వీధరుగు ఇంకో స్టేజీ. అంతే గదా," అన్నాడు నాతో, ఏదో తేలికైన పని చెబుతున్నట్టు.

ఆ రూలుకు మొట్టమొదట దొరికింది మా అత్త ఆడపడుచు. రాజాం నుంచి వచ్చింది. ఆవిడ ఏడుపు వీధి మలుపు దగ్గరే మొదలైంది. మావ అరుగు మీద కాళ్లు బారజాపుకుని అడ్డంగా కూర్చున్నాడు. ఇక్కడ కూర్చో వదినా, మా చెల్లి వస్తుంది అన్నాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. సొంత తమ్ముడి భార్యను చూడడానికి ఇంత దూరం వస్తే గుమ్మంలో ఆపుతావా, ఇదెక్కడి మర్యాద అని దులిపేసింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు బయటికొచ్చారు. నేను లోపల మంచం పక్కన నిలబడి అంతా వింటున్నాను. ఈయనకేం, రేపు మాట పడేది నేను.

వదినను లోపలికి రానీమని మా అత్త మంచం మీద నుంచే అరిచింది. నువ్వే రా అని బయట నుంచి ఈయన అరిచాడు. "నాను రాలేనన్నా," అని ఆవిడ ఏడ్చింది. "రాలేకపోతే ఒగ్గీ. వదిన ఎలిపోతాది, బస్సుకి టైమైపోనాది," అన్నాడు. బస్సుకు బోలెడంత టైముంది. ఆ సంగతి మా అత్తకూ తెలుసు, ఆడపడుచుకూ తెలుసు.

మంచం కిర్రుమంది. మా అత్త ఆయనను తిట్టడం మొదలుపెట్టింది. ఆయన చిన్నతనం నుంచి, చేసిన ఉద్యోగం నుంచి, నిన్న తిన్న ముద్ద దాకా ఏదీ వదలకుండా తిడుతూ, ఆ తిట్ల ఊపులోనే కాళ్లు కిందికి దించింది. నేను గబగబా తువ్వాళ్లు తీసి పడేసి వాకరు ముందు పెట్టాను. ఫిజియో అమ్మాయి చూపినట్టు నడుం పట్టుకున్నాను. ఆవిడ లేచి నిలబడింది. ఒళ్లంతా చెమట. ఒక చెయ్యి వాకరు మీదా, ఒక చెయ్యి కమ్మీ మీదా మార్చుకుంటూ, ఆగుతూ, తిడుతూ గుమ్మం దాకా వచ్చింది. గడపను చూసి ఆగిపోయింది. తిట్లు కూడా ఆగిపోయాయి. కాలు ముందుకు రావడం లేదు, వెనక్కి వెళ్లే ఓపికా లేదు.

బయట నుంచి మావ గోడ మీద అరచేత్తో రెండు చరుపులు చరిచాడు, బస్సు బాడీ మీద చరిచినట్టు. "రైట్," అన్నాడు, మెల్లగా.

మా అత్త గడప దాటింది.

అరుగు మీద కమ్మీ పట్టుకుని నిలబడ్డ మరదలిని చూసి ఆడపడుచు ఏడవడం మరిచిపోయింది. "ఓలమ్మ, నడిసొచ్చీసినావేటే," అంది. ఇద్దరూ కూర్చుని ఎవరి పెళ్లిలోనో పులిహోర బాగులేదన్న దగ్గర మొదలుపెట్టి పొద్దు వాలేదాకా మాట్లాడుకున్నారు. మావ తువ్వాలుతో కళ్లు ఒత్తుకోవడం నేను చూశాను. నేను చూసినట్టు ఆయన కనిపెట్టాడు. ఆ తర్వాత కొన్నాళ్లు నాతో మామూలు కన్నా గట్టిగా పోట్లాడాడు.

ఆ వారం మా ఆయన వచ్చి, తల్లి అరుగు మీద కూర్చుని ఉండడం చూసి, ఎదురింటి వైపు తిరిగి కేకలు మొదలుపెట్టాడు. మా అత్త కదల్లేదు. నాకిక్కడ గాలి బాగుంది, నువ్వెళ్లి ఆ మంచం మీద పడుకో అంది కొడుకుతో. అంతటితో ఆ గొడవ అయిపోయింది. పరామర్శకు వచ్చేవాళ్లు తగ్గిపోతే మావే పక్క వీధి నుంచి ఎవరో ఒకరిని పోగుచేసి పంపేవాడు. వాళ్ల కోసమైనా ఈవిడ లేచి రావాలి కదా. అలా వాకరు పోయి చేతికర్ర వచ్చింది. తన తల తనే దువ్వుకుంది. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని గోంగూర తుంచుతోంది. నేను లాక్కోలేదు.

ఊళ్లో ఇప్పుడిది ఆనవాయితీ అయిపోయింది. ఎవరికి బాగులేకపోయినా, లేవదగ్గవాళ్లయితే, పరామర్శకు వెళ్లినవాళ్లు అరుగు మీదే కూర్చుంటారు. ఇంట్లో వాళ్లు "కూకోండి, వస్తన్నాది" అంటారు. లోపల నుంచి కర్ర చప్పుడు మెల్లగా దగ్గరవుతుంటే బయటివాళ్లు ఓపిగ్గా ఎదురుచూస్తారు. చాలా ఇళ్లలో గోడలకు సరుగుడు కమ్మీలు వచ్చాయి. మా ఊరితో వియ్యం అందుకోవడానికి వచ్చినవాళ్లు ఇవేమిటని అడుగుతుంటారు.

అందరినీ ఒకే గాట కట్టేవాడనుకోకండి. చర్చి వీధిలో ఒక పెద్దాయనకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. అక్కడ మావ అరుగు మీద కూర్చోలేదు. తనే లోపలికి వెళ్లి, మంచం అంచున కూర్చుని, ఆ పడిపోయిన చేతిని తన ఒళ్లో పెట్టుకుని, ఆస్పత్రివాళ్లు చూపినట్టు వేళ్లు ఒక్కొక్కటే తెరిచి మూసేవాడు. రోజూ వెళ్లేవాడు. మీ రూలు ఏమైంది మావా అని ఎగతాళి చేశాను. "రూలు మనిసి కోసమే గానీ, మనిసి రూలు కోసమేటి?" అన్నాడు. ఆ పెద్దాయనకు నడక రాలేదు. ఆదివారం ప్రార్థనకు ఇప్పటికీ కుర్చీలోనే మోసుకెళ్తారు. కాని ఆ రెండు చేతులూ ఇప్పుడు కలుస్తాయి.

ఈ మధ్య మావకే గుండె బలహీనపడింది. కాళ్లు వాచాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆస్పత్రిలో మందులిచ్చి, ఓపికున్నంత మేర ఇంట్లో తిరగమన్నారు. స్టాపుకు వెళ్లడం మానేశాడు. ఆయన లేని స్టాపులో ముసలివాళ్లు బస్సెక్కి, ఎవరో అడుగుతారన్నట్టు వెనక్కి తిరిగి చూసేవారట. నేను కమలాపళ్లు పట్టుకుని చూడడానికి వెళ్లాను. తిన్నగా లోపలికి వెళ్లబోయాను. "ఆగక్కడ," అని కేక వినబడింది. గొంతు నీరసపడింది గాని కేక అదే. తను బిగించుకున్న కమ్మీనే పట్టుకుని, ఆగి ఆగి, చాలాసేపటికి అరుగు మీదికొచ్చి కూలబడ్డాడు. ఇంత ఆయాసంలో ఎందుకొచ్చారు, నేనే వచ్చేదాన్ని కదా అని కోప్పడ్డాను.

"నా రూలు నాకే సడలిస్తావేటి కోడలా?" అన్నాడు.

ఆయాసం తగ్గాక మా అత్త కూరలో ఉప్పు సంగతి అడిగాడు. తగ్గించానన్నాను. నమ్మలేదు. చెల్లినే అడుగుతాన్లే అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట అది. ఇంతకన్నా మంచి మాటలు ఎన్నో అని ఉండవచ్చు గాని, నాకు మాత్రం ఇదే చెవుల్లో ఉంది.

పోయిన రోజు పొద్దున అంబలి తాగి, కాస్త నడుం వాలుస్తానని పడుకున్నాడట. మళ్లీ లేవలేదు.

బడికి సెలవు చెప్పి నేనూ మా అత్తా కలిసి వచ్చాం. దారిలో చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. మేం వచ్చేసరికి స్నానం చేయించి, ఆయన వీధరుగు మీద చాప పరిచి పడుకోబెట్టారు. మా వైపు అలాగే చేస్తాం. చూడవచ్చినవాళ్లు అరుగు దగ్గరే చూస్తారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కాని ఆ రోజు అది చూసి నా కాళ్లు ఆగిపోయాయి. తనను చూడడానికి వచ్చినవాళ్ల కోసం ఆయన అరుగు మీదికి వచ్చేసి ఉన్నాడు. మా అత్తకూ అదే తోచిందేమో, "ఎత్తుకొచ్చీసినారే," అని గొల్లుమంది. పడినప్పుడు కూడా ఆవిడ అంతగా ఏడవలేదు.

ఊళ్లో ముసలివాళ్లంతా వచ్చారు. కర్రలతో, వాకర్లతో, కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని, ఎలా వచ్చినా తమ కాళ్ల మీదే వచ్చారు. చర్చి వీధి పెద్దాయనను కుర్చీలో తెచ్చారు. ఆయన రెండు చేతులూ కలిపి దండం పెట్టాడు. మా అత్తకు కుర్చీ తెచ్చి వేశారు. ఆవిడ కూర్చోలేదు. ఎవరెంత చెప్పినా వినకుండా, అరుగు పక్కన ఆ సరుగుడు కమ్మీ పట్టుకుని నిలబడింది.

పాడె భుజాల మీదికెత్తారు. ఎత్తినవాళ్లు ఒక్క క్షణం అలాగే ఆగిపోయారు. ఎవరైనా ఏదో అంటారేమోనని చూస్తున్నట్టు నిలబడ్డారు. ఊళ్లో ఏది కదలాలన్నా కేక వేసే మనిషి ఆ పాడె మీదే ఉన్నాడు.

మా అత్త కమ్మీ వదిలేసింది. గోడ మీద అరచేత్తో రెండు చరుపులు చరిచింది.

"రైట్ అన్నా," అంది.

పాడె కదిలింది. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ ఆ చెయ్యి గోడ మీద నుంచి తీయలేదు, నిలబడే ఉంది.